స్లాబు కారుతోంది, ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మల్కాజిగిరిలో 1996లో కట్టుకున్న జీ ప్లస్ వన్ ఇల్లు మాది. మావారు పోయి మూడేళ్లయింది, ఇల్లు ఇంకా ఆయన పేరునే ఉంది. మాకు ఒక కొడుకు, ఒక కూతురు. నాకు 64 ఏళ్లు. ఫ్యామిలీ పెన్షన్ 22 వేలు వస్తుంది, నా పేరున 7 లక్షల ఎఫ్‌డీ ఉంది. పై పోర్షన్ స్లాబు కారి పెచ్చులూడుతుంటే, 9 వేల అద్దె ఇచ్చేవాళ్లు నిరుడు వానాకాలంలో ఖాళీ చేశారు. మేస్త్రీ మొత్తం ఆరున్నర లక్షలవుతుందన్నాడు. ఎఫ్‌డీ తీయాలా, పర్సనల్ లోనుకు వెళ్లాలా? ఇందిరమ్మ పథకంలో రిపేరుకు ఇస్తారా? అల్లుడుగారేమో ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టే బిల్డరుకు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయమంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు పథకం సంగతి. ఇందిరమ్మ ఇళ్లలో ఇచ్చే 5 లక్షలు పక్కా ఇల్లు లేని పేదలు కట్టుకోవడానికి. కేంద్రం ఆవాస్ యోజన ఉద్దేశమూ అంతే. మీకు పక్కా ఇల్లుంది కాబట్టి రెండూ వర్తించవు. ఇప్పిస్తానని ఎవరైనా ఫైలు ఖర్చులు అడిగితే గేటు దగ్గరినుంచే పంపేయండి.

మీరు పంపిన మేస్త్రీ చీటీ చూశాను. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్, కింద తుప్పు పట్టిన చువ్వలు శుభ్రం చేసి పెచ్చులు పూడ్చడం: లక్షా 60 వేలు. బాత్రూం పైపులు: 70 వేలు. మిగతా 4 లక్షల 20 వేలూ టైల్స్, రంగులు, వంటింటి కబోర్డులు. కబోర్డులు రెండేళ్లు ఆగుతాయి, స్లాబు ఆగదు. నీళ్లు దిగి చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, కాంక్రీటును నెట్టేస్తుంది. ఈ ఏడాది పెచ్చులతో పోయేది, ఆలస్యం చేస్తే స్లాబే కొట్టి పోయాల్సి రావచ్చు. కాబట్టి మీకు ఇప్పుడు కావలసింది 2 లక్షల 30 వేలే.

ఈ మాత్రానికి ఎఫ్‌డీ రద్దు చేయొద్దు. దాన్ని అదే బ్యాంకులో ఉంచి, దానిమీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ హామీగా, కావలసినంతే వాడుకునే అప్పు) అడగండి. సాధారణంగా 90 శాతం దాకా ఇస్తారు. వడ్డీ ఎఫ్‌డీ రేటుకు ఒక శాతం అటూ ఇటుగా ఎక్కువుంటుంది, అదీ వాడుకున్న సొమ్ముకే. 8 శాతం అనుకుంటే మొదట్లో నెలకు వడ్డీ 1,530 రూపాయలు. పోర్షన్‌కి మళ్లీ 9 వేల అద్దె రాగానే అందులో 8 వేలు కడుతూ పోతే రెండేళ్ల ఎనిమిది నెలల్లో తీరిపోతుంది. అదే ఆరున్నర లక్షలు 14 శాతానికి పర్సనల్ లోను ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 15,100 పైనే. 22 వేల పెన్షన్‌లో అది పోతే మీకు మిగిలేది మందులకూ సరిపోదు.

రిపేరు లోనుకు పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా చెప్తే, దానికోసం లోను తీసుకోకండి. మీ ఆదాయానికి ఆదాయపన్ను కొత్త విధానంలో పన్నే పడదు, ఇక మినహాయింపుతో ఏం పని?

బ్యాంకులో ఇంటిమీద లోను తీసుకుందామనుకుంటారేమో, అదీ వద్దు. ఎందుకో చెప్తాను. ఇల్లు ఇంకా మీవారి పేరునే ఉందని రాశారు. వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీతోపాటు కొడుకు, కూతురూ సమాన వారసులు (మీ అత్తగారుంటే ఆవిడ కూడా). వాళ్లందరి సంతకాలు లేకుండా ఏ బ్యాంకూ తాకట్టు పెట్టుకోదు. ఆస్తిపన్ను మీ పేరుకు మారినంత మాత్రాన హక్కు మారినట్టు కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్లాబు పని అయ్యాక మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి (కుటుంబ సభ్యులెవరో చూపే కాగితం) పెట్టుకోండి. పిల్లలు ఒప్పుకుంటే వాళ్లచేత తమ వాటా వదులుకుంటూ మీ పేరున రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించండి.

ఆ రిలీజ్ డీడ్ ఉంటేనే రివర్స్ మార్ట్‌గేజ్ కూడా, అంటే ఇల్లు తాకట్టు పెట్టుకుని బ్యాంకే మీకు డబ్బిచ్చే పద్ధతి. 60 దాటిన సొంతింటివాళ్లకు 2007 నుంచి ఉన్న ఏర్పాటిది: ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అప్పు కట్టక్కర్లేదు, తర్వాత పిల్లలు తీర్చి ఇల్లు విడిపించుకోవచ్చు. కానీ వడ్డీ పేరుకుపోతూ ఉంటుంది. 75 దాటాక ఆలోచిద్దాం.

అల్లుడుగారి మాట తప్పు కాదు, తొందర. డెవలప్‌మెంట్‌కిస్తే రెండుమూడేళ్లు మీరే అద్దెకుండాలి. పైగా ఒప్పందానికీ అందరు వారసుల సంతకాలూ కావాలి. అప్పుడూ మొదటి అడుగు ఆ రిలీజ్ డీడే.

పని జూన్ వానలకు ముందే మొదలుపెట్టించండి. మేస్త్రీకి డబ్బు పని అయినంతవరకే ఇవ్వండి. ఒక 20 వేలు మాత్రం మొదటి పెద్దవాన పడి, పైగదిలో చెమ్మ లేదని మీరు చేత్తో తాకి చూసుకున్నాకే.