గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలుంటే గర్భసంచి తీయించుకోవాల్సిందేనా?

అక్కర్లేదు, చాలామందికి కడుపు కోయకుండా, గర్భసంచి తీయకుండా, ఎంబోలైజేషన్ అనే పద్ధతితోనే ఈ గడ్డలను కుదించవచ్చు.

గడ్డలు బతికేది గర్భాశయ ధమనుల నుంచి వచ్చే రక్తంతో. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (ఎక్స్‌రే, స్కానింగ్‌లలో చూస్తూ ఇలాంటి చికిత్సలు చేసే డాక్టరు) తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో చిన్న రంధ్రం చేసి, ఎక్స్‌రేలో చూస్తూ సన్నని గొట్టాన్ని ఆ ధమనుల దాకా పంపి, సన్నటి రేణువులు వదులుతారు. కాలువకు అడ్డుకట్ట వేసినట్టే. రక్తం అందని గడ్డ కొన్ని నెలల్లో కుంచించుకుపోతుంది; గర్భసంచికి పక్క నాళాల నుంచి రక్తం అందుతూనే ఉంటుంది. మొదటి రోజు నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది, మందులిస్తారు.

ఉదాహరణకు, దేవరకొండలో ఇద్దరు పిల్లలున్న 43 ఏళ్ల ఆవిడకు నెలసరిలో రక్తం ఎక్కువగా పోయి హిమోగ్లోబిన్ 7కు పడిపోయిందనుకుందాం. ఇంకా పిల్లలు వద్దనుకునే ఇలాంటివారికి ఇది బాగా పనికొస్తుంది. పిల్లలు కావాలనుకునేవారు మాత్రం, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ గురించి ముందు డాక్టరును అడగాలి.

నల్గొండ, పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ వినిపించే మాట, "గడ్డ ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని. ఆ భయంతో ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకోవడం చాలా అన్యాయం. ఫైబ్రాయిడ్ క్యాన్సర్ గడ్డ కాదు, క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. ఏ ఇబ్బందీ పెట్టని గడ్డకు చాలాసార్లు వైద్యమే అవసరం ఉండదు.