బేరా పరీక్షకు వెళ్లే ముందు

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకు ఓఏఈ అనే వినికిడి పరీక్షలో పాస్ అని వచ్చినా, ఇంకెందుకని ఇంట్లో అందరూ అంటున్నా, వచ్చే వారం శబ్దం మెదడు దాకా చేరుతోందో లేదో చూసే బేరా చేయించాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఉద్యోగమంతా వినికిడి పరీక్షల గదుల్లోనే గడిపిన నాకు ఆ మాట ఎంతో గర్వం కలిగించింది. కానీ కామెర్లు ముదిరి ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) వాడికి రక్తం మార్చారన్న సంగతి ఇన్నాళ్లూ నాకు ఎందుకు దాచారు?

బాబు నిద్రలో ఉండగా చేసే పరీక్ష కనుక పాలు అక్కడికి వెళ్లాకే పట్టు. నుదుటి మీద, చెవుల వెనుక ఎలక్ట్రోడ్లు అతికిస్తారు కనుక ఆ పూట నూనె రాయవద్దు. నిద్రమందు అవసరమైతే డాక్టరు ఎదుటే ఇవ్వాలి, ఇంట్లో పోసి తీసుకెళ్లవద్దు.

ఓఏఈ చెప్పేది లోపలి చెవిలోని రోమకణాలు స్పందిస్తున్నాయన్నంత వరకే. అక్కడి నుంచి శబ్దం నాడి వెంట మెదడు కాండానికి చేరుతోందో లేదో బేరాయే చెప్పాలి. కామెర్లు మితిమీరితే తరచు దెబ్బతినేది ఆ నాడీమార్గమే.

మీ చిన్నతాత మనవరాలి విషయంలో జరిగింది ఇదే. ఆ పిల్లకూ పుట్టగానే కామెర్లే. ఆసుపత్రిలో ఓఏఈ ఒక్కటే చేసి, వినికిడి బాగుందని కాగితం ఇచ్చి పంపారు. ఒకనాడు పిలిస్తే తిరిగి చూసేది, మరునాడు ఎంత అరిచినా పలికేది కాదు. చేతిలో కాగితం ఉంది కనుక చెవులను ఎవరూ అనుమానించలేదు, పిల్ల మొండిదనుకున్నారు. రెండేళ్లు దాటాక మా గదికి తీసుకొచ్చినప్పుడు ఓఏఈ మళ్లీ చక్కగానే వచ్చింది, బేరాలో మాత్రం నాడి స్పందన చూపే తరంగం ఒక్కటీ లేదు. నేను వివరిస్తూ ఉండగా వాళ్లమ్మ మధ్యలో ఆపి, "పలకలేదని దాన్ని కొట్టాను పెద్దమ్మా" అంది. ఆమెకు ఏం చెప్పాలో నాకు ఏ చదువూ నేర్పలేదు.

అందుకే కొన్ని అడిగి చేయించుకో. క్లిక్ శబ్దంతో చేసే బేరా ముఖ్యంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య సంగతే చెబుతుంది. తక్కువ పౌనఃపున్యాలకు, అంటే బొంగురు శబ్దాలకు, టోన్ బర్స్ట్ అనే చిన్న స్వరాలతో కూడా పెట్టమను. ఆరు నెలలలోపు పిల్లలకు టింపనోమెట్రీ (కర్ణభేరి, మధ్యచెవి పరీక్ష) 226తో కాక 1000 హెర్ట్జ్‌తో చేయాలి. మూడో నెలకల్లా లోపం తేలితే ఆరో నెలలోపు చికిత్స మొదలుపెట్టవచ్చు; మీకు సమయం ఉంది. తరంగాలు కనిపించకపోయినా బెంబేలు పడకు తల్లీ. కామెర్లు వచ్చిన పిల్లల్లో కొందరికి నెలలు గడిచేకొద్దీ మెరుగవుతుంది, అందుకే పరీక్ష మళ్లీ చేస్తారు.

మీ అత్తగారితో వాదన పెట్టుకోక, ఆమెనూ వెంట తీసుకెళ్లు; బాబు ఆమె ఒడిలో త్వరగా నిద్రపోతాడట కదా. రిపోర్టు వచ్చాక చివరి వాక్యం ఒక్కటే కాదు, గీతలున్న పేజీలన్నీ ఫొటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ