అమ్మ సమాధి స్థలానికి ఇప్పుడే డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. అమ్మకు 71 ఏళ్లు. చర్చి సమాధుల తోటలో నాన్న పక్క స్థలం 60 వేలకు ఇప్పుడే తీసుకోమంటున్నారు. చీటీ ఎత్తిన డబ్బు లక్షా 20 వేలుంది. తమ్ముడికి రేణిగుంట ఫ్యాక్టరీలో ఈఎస్ఐ ఉంది, అందులో అంత్యక్రియల సొమ్ము వస్తుందా?

జవాబు: నాన్నగారి పక్కనే ఉండాలన్నది అమ్మగారి కోరికైతే కట్టండి, కాకపోతే కాగితం చూశాకే. మీరు కొనేది భూమి కాదు, అక్కడ పూడ్చుకునే హక్కు. పట్టా రాదు. రసీదులో వరుస, సమాధి నంబరు, అమ్మగారి పేరు, కమిటీ సంతకం ఉండాలి. సంఘ చందా బాకీ పడితే హక్కు పోతుందా? తవ్వకానికి, సమాధి కట్టడానికి మళ్లీ రుసుము ఉందా? ఇవి రాయించుకోండి. గొడవలు వచ్చేది వీటి దగ్గరే, అదీ శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఉన్నప్పుడు.

మునిసిపల్ శ్మశానంలో ఖర్చు తక్కువే, కానీ నాన్నగారి పక్కన చోటు అక్కడ దొరకదు కదా. సొంత పొలంలో అయితే పంచాయతీ అనుమతి లేకుండా వద్దు. రేపు ఆ పొలం అమ్మబోతే కొనేవాళ్లు వెనకాడతారు కూడా.

మిగతా 60 వేలు అమ్మగారి ఒక్కరి పేరున వేయకండి. ఆమె పోయారని తెలియగానే బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. అమ్మగారు, మీరు ఇద్దరి పేరున, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే ఇంకో మెలిక ఉంది: ఒకరు చనిపోతే రెండోవారు గడువుకు ముందే తీసుకోవచ్చని ఫారంలో ఇద్దరూ ముందే సంతకం చేయాలి. అది లేకపోతే వారసులందరి సమ్మతి అడుగుతారు. కనీసం 25 వేలు సేవింగ్స్‌లోనే ఉంచండి. మనవైపు రాతినేల. గడ్డపార దిగకపోతే రాయి పగలగొట్టే కంప్రెసర్ పిలవాలి, ఆ కూలీ అప్పటికప్పుడు చేతికివ్వాలి. అంత్యక్రియల సేవలకు, శవవాహనానికి జీఎస్‌టీ లేదు. బిల్లులో వేస్తే అడగండి.

గ్రానైట్ పలక వెంటనే వేయించకండి. పెట్టె చివికి మట్టి కుంగితే పలక పగులుతుంది, పెట్టిన డబ్బు పోతుంది. ఒక వానాకాలం గడవనివ్వండి.

ఈఎస్ఐ ఇచ్చే అంత్యక్రియల సొమ్ము 15,000 రూపాయలు బీమా ఉన్న ఉద్యోగి మరణిస్తేనే. అమ్మగారికి రాదు, దాన్ని లెక్కలో వేసుకోకండి.

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో సరిపోతుంది. ఆపైన అధికారి అనుమతి, మీరే సంతకంతో ధ్రువీకరించిన పత్రం కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తప్పదు. ఇంట్లో పోతే చూసిన డాక్టరు ఇచ్చే మరణ కారణ పత్రం, చర్చి భూస్థాపన రసీదు జాగ్రత్త చేసి, సర్టిఫికెట్ నాలుగైదు కాపీలు తీసుకోండి.