లాండ్రీ గదికి ఫ్రెంచి పల్లె కళ

చి.ల.సౌ. శైలజకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఫొటోలు చూశాను. 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గది, బిల్డరు వేసి వదిలేసిన బూడిదరంగు గోడలు, మెషీన్ల పైన తెల్ల వైరు షెల్ఫు. 400 డాలర్లు దాటకుండా ఫ్రెంచి పల్లె ఇంటి గదిలా చేయాలన్నావు. చేయొచ్చు. "లాండ్రీ" అని రాసిన చెక్కబోర్డులు, ఈఫిల్ టవర్ బొమ్మలు మాత్రం కొనకు. ఆ ఇళ్ళకు కళ తెచ్చేవి మూడే: సున్నం కొట్టిన గోడ, వాడి వాడి అరిగిన చెక్క, అచ్చువేసిన నూలుగుడ్డ. డబ్బూ ఓపికా వాటి మీదే పెట్టు.

మొదటి రోజు రంగు డబ్బా తెరవద్దు. డ్రయ్యర్‌ని ముందుకు లాగి, వెనకున్న 4 అంగుళాల గొట్టంలో పేరుకున్న నూగు తీసేయండి. అది ప్లాస్టిక్‌దో, పల్చటి రేకు కాగితందో అయితే గట్టి లోహపు గొట్టం వేయించండి. నూగు చేరితే నిప్పంటుకునేది అక్కడే. తర్వాత గోడలన్నీ వ్యాక్యూమ్ చేసి, జిడ్డు తీసే ద్రావణంతో తుడిచి ఆరనివ్వు. లాండ్రీ గది గోడ శుభ్రంగా కనిపిస్తుందే గాని, దాని మీద సన్నటి నూగూ సాఫ్టెనర్ జిడ్డూ ఉంటాయి. అలాగే రంగు వేస్తే పెచ్చులూడుతుంది.

గోడకు నిజమైన సున్నం వద్దు, ఆ కళ రంగుతోనే తెచ్చుకుందాం. సున్నం పీల్చుకునే గోడకే పడుతుంది, మీ డ్రైవాల్ (జిప్సం పలకల గోడ) మీది లేటెక్స్ రంగుకు పట్టదు. తలుపు నుంచి చూడగానే కనబడే రెండు గోడలకు, అంటే 14 అడుగులకు, నడుము ఎత్తున బీడ్‌బోర్డ్, అంటే నిలువు గాడులున్న చెక్క పలక, వేయి. 4×8 అడుగుల షీట్లు రెండు చాలు. దుకాణంలోనే అడ్డంగా సగానికి కోయిస్తే 4×4 ముక్కలు నాలుగొస్తాయి, కార్లోనూ పడతాయి. షీటు 30 డాలర్ల చుట్టూ ఉంటుంది. వాటిని రెండు రోజులు ఆ గదిలోనే నిలబెట్టి ఉంచు. గది తేమకు అలవాటు పడకముందే బిగిస్తే తర్వాత ఉబ్బి అలల్లా లేస్తాయి.

కింద ఉన్న బేస్‌బోర్డ్ పీకకు. పానెల్‌ని దాని మీదే కూర్చోబెడితే నేల మీద నీళ్ళు పడ్డా చెక్కను తాకవు. కోసిన ప్రతి అంచుకూ ముందే ప్రైమర్ పూయి, ఈ రకం చెక్క నీళ్ళు తాగేది ఆ అంచుల్లోంచే. వెనక జిగురు పాముల్లా పెట్టి గోడకు నొక్కి, గోడ లోపల 16 అంగుళాలకొకటి వచ్చే స్టడ్‌ల (నిలువు చెక్క దూలాల) మీద మేకులు కొట్టాలి. నీళ్ళ గొట్టాలున్న చోట జిగురే వాడండి, తప్పకపోతే అంగుళానికి మించని మేకు. ప్లగ్గులున్న చోట ముందు బ్రేకర్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకోండి. పానెల్ మందానికి ప్లగ్ పెట్టె లోపలికి పోతుంది కనక దానికో ఎక్స్‌టెండర్ బిగించాలి. సందులు పూడ్చడానికి రంగు పట్టే అక్రిలిక్ కాక్ (caulk) పేస్టే పెట్టు. సిలికాన్ మీద రంగు నిలవదు.

పై గోడకు మీగడ తెలుపు బాగుంటుంది. షెర్విన్ విలియమ్స్ ఆలబాస్టర్ (7008) లాంటిది. నీలి ఛాయ ఉన్న తెలుపు వేస్తే ఆసుపత్రి గదిలా ఉంటుంది. రెండు పూతలకు ఒక గ్యాలన్ సరిపోతుంది. బీడ్‌బోర్డ్‌కీ క్యాబినెట్లకూ బూడిద కలిసిన ఆకుపచ్చ, శాటిన్ రకం, ఇంకో గ్యాలన్. క్యాబినెట్ నున్నటి లామినేట్ అయితే 150 నంబరు శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, షెల్లాక్ ప్రైమర్ వేశాకే రంగు. అందరూ చెప్పే చాక్ పెయింట్ ఇక్కడొద్దు. దాని మీది మైనం తడికీ సబ్బుకీ ఆగదు. రంగు ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గాని లోపల గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు కావాలి. అందాకా సబ్బు సీసాలు లోపల సర్దకు, అతుక్కుంటాయి.

వైరు షెల్ఫు తీశాక మిగిలే ప్లాస్టిక్ బిరడాలను పీకితే గోడ ఊడొస్తుంది. తల కోసి లోపలికి నొక్కి లప్పం పెట్టు. దాని చోట 1×12 పైన్ పలక, మూడు ఇనప బ్రాకెట్లు, మూడూ స్టడ్‌ల మీదే. కొత్త పైన్‌కు పాత రూపం తేవడానికి స్టెయిన్ డబ్బా కొనక్కర్లేదు. సన్నటి స్టీల్ ఉన్ని తునకలు చేసి వెనిగర్‌లో రెండు రోజులు నానబెట్టు. మూత బిగించకు, లోపల గ్యాసు పుడుతుంది. పలకకు ముందు చిక్కటి టీ డికాక్షన్ పూసి ఆరనిచ్చి, ఆ వెనిగర్‌ని కాఫీ ఫిల్టర్‌లో వడగట్టి పూయి. టీలోని వగరుకు ఇనుము తగిలి చెక్క బూడిద గోధుమరంగుకి తిరుగుతుంది. వడగట్టకపోతే తుప్పు చుక్కలు పడతాయి. రంగు గంటగంటకూ ముదురుతుంది కనక ముందు తుంట మీద చూసుకో. పైన నీళ్ళతో కలిసే పాలీ (పాలీయురెథేన్ వార్నిష్) రెండు పూతలు. నూనె పాలీ పసుపెక్కిస్తుంది.

ఇక గుడ్డ. ఇక్కడ నువ్వు ఫ్రెంచి దుకాణానికి వెళ్ళక్కర్లేదమ్మా. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్‌లో తరతరాలుగా వాడుతున్న పూల అచ్చు గుడ్డల్ని వాళ్ళు "ఇండియెన్" అంటారు. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన అద్దకాలకు నకళ్ళుగా పుట్టాయవి. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1669లోనే మచిలీపట్నంలో వర్తకశాల పెట్టింది. ఆ గుడ్డల మోజుకు తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది, 1759లో ఎత్తేసింది. మరుసటి ఏడే ఒబెర్‌కాంఫ్ అనే అద్దకం వ్యాపారి పారిస్ దగ్గరి జూయి ఊళ్ళో అచ్చుల కార్ఖానా తెరిచాడు. కాబట్టి పెడన కలంకారీ ఆ గదిలో పరాయిది కాదు. మీగడ నేల మీద ఎరుపో నీలమో చిన్న బుటాలున్నది ఎంచుకో. పెద్ద నెమళ్ళూ దేవుళ్ళూ ఉన్నవి పూజగదికి ఉంచు.

ఆ గుడ్డతో మీ ప్లాస్టిక్ సింకు కింది భాగానికి తెర కుట్టు. సింకు ముందు 24, పక్క 24, మొత్తం 48 అంగుళాలు. కుచ్చిళ్ళు నిండుగా పడాలంటే దాదాపు రెట్టింపు కావాలి. 44 అంగుళాల పన్నా గుడ్డ రెండున్నర గజాలు తీసుకో. కుట్టకముందే చన్నీళ్ళలో విడిగా ఉతుకు, నూలు కుంచించుకుపోతుంది, రంగూ కొంత దిగుతుంది. అంటించే వెల్క్రో ఆ ప్లాస్టిక్ తొట్టికి నిలవదు. లంగాకు బొందు ఎక్కించినట్టే పైన గొట్టంలా కుట్టి, అంచు కింద చుట్టూ తిప్పి కట్టేయి. ఉతకాలంటే ముడి విప్పితే చాలు. కింద నేలకు అంగుళం ఎడం ఉండాలి. డ్రయ్యర్ ముందు మాత్రం తెర కట్టకు. దానికి గాలి ఆడాలి, వేడి దగ్గర గుడ్డ ఉండకూడదు.

నేల టైలు బాగానే ఉంది, ముట్టుకోకు. బల్బు 2700కె వెచ్చటి వెలుగుది పెట్టు. బుట్టలు పాత సామాన్ల దుకాణాల్లో వెతుకు. అల్లికలో వేలు పెట్టి నొక్కి చూడు, విరిగే బుట్ట బట్టల బరువుకు ఆగదు. మేసన్ జాడీలు అమెరికా పల్లెవి, వాటి జోలికి పోకు. 72 శాతం నూనె ముద్ర ఉన్న మార్సేయ్ సబ్బు బిళ్ళలు రెండు షెల్ఫు మీద పెడితే అందానికీ కాలర్ మరకలకీ పనికొస్తాయి.

మెషీన్ల మీద బట్టలు మడతపెట్టే బల్ల వేయాలా అని అడిగావు. నీవి ముందు తలుపువైతేనే కుదురుతుంది. మెషీన్ పైభాగం నుంచి నీళ్ళ పంపుల పెట్టె అడుగు దాకా ఎంత ఎత్తుందో, గోడ నుంచి గోడకు ఎంత వెడల్పుందో కొలిచి రాయి. అల్లుణ్ణి అడిగినట్టు చెప్పు.

మీ పెద్దమ్మ