తాతగారిని ఒక్క మాటకి కుదించకు

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఆదివారం నువ్వు షోలింగనల్లూర్ నుంచి ఫోన్ చేసి, "పెద్దమ్మా, నేను రాస్తున్న సిరీస్‌కి రెండో సీజన్ ఓకే అయింది. కానీ అందులో తాతగారి పాత్ర అనే 'లెక్క తేలాల్సిందే' డైలాగు ఎపిసోడుకి మూడుసార్లైనా పడాలంటున్నారు నిర్మాతలు" అన్నావు. ముందు సంతోషించాను. తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో తేలే విషయం కాదని ఇలా కాగితం ముందు కూర్చున్నాను.

నీ మొదటి సీజన్ రెండుసార్లు చూశాను. తాతగారు "లెక్క తేలాల్సిందే" అని మొదటిసారి ఎక్కడన్నాడో గుర్తుందా? భార్య ఆస్పత్రి ఖర్చుకి తమ్ముడు సర్దిన డబ్బు తిరిగి ఇస్తూ అన్నాడు. భార్య దక్కలేదు. తమ్ముడు వద్దంటున్నాడు. ఈయన వణికే వేళ్ళతో నోట్లు రెండోసారి లెక్కపెట్టి, మంచం మీద పెట్టి, మొహం తిప్పుకుని ఆ మాటన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మాటలో పరువుంది, దుఃఖముంది, తమ్ముడి మీద ప్రేమ కూడా ఉంది. ఆరో ఎపిసోడుకి వచ్చేసరికి పాలవాడితో అదే మాట, ఆటోవాడితో అదే మాట. జనం ఏడ్చిన మాటకే నవ్వడం మొదలుపెట్టారు. ఇంకో సీజన్ ఇలాగే సాగితే ఆయన పిసినారి ముసలాయనగా మిగిలిపోతాడు. ఆ తమ్ముడు ఎవరికీ గుర్తుండడు.

దీనికి మీవాళ్ళు వాడే మాట నువ్వే నాకు చెప్పావు, ఫ్లాండరైజేషన్ అని. 1989లో మొదలైన 'ద సింప్సన్స్' అనే అమెరికా కార్టూన్ సీరియల్‌లో నెడ్ ఫ్లాండర్స్ అనే పొరుగింటాయన పేరు మీద పుట్టిన మాట. మొదట్లో అతను పక్కింటి హోమర్‌కి కన్నుకుట్టేంత చక్కగా కాపురం చేసుకునే మనిషి. అడిగితే ఏదీ కాదనడు. దైవభక్తి అతనిలో ఒక పాలు మాత్రమే. ఏళ్ళు గడిచేకొద్దీ మిగతావన్నీ పలచబడి, భక్తి ఒక్కటే చాదస్తమై మిగిలింది. మాట కొత్తదే కానీ, ఆ తప్పు నేనూ చేశాను.

ఇరవై ఏళ్ళ కిందట ఒక సీరియల్‌కి డైలాగులు రాశాను. అందులో ఒక అత్తగారు. మొదటి నెలలో ఆవిడ కోడలి పరీక్ష ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టింది, ఆ విషయం కోడలికి తెలియనివ్వకుండా పైకి కసురుకుంది. ఆ కసురు హిట్టయింది. రేటింగు రాగానే పైనుంచి కబురు: రోజూ ఒక కసురు కావాలి. రాశాను. గాజుల సంగతి నేనే మర్చిపోయాను. ఒకరోజు వడపళని డబ్బింగ్ థియేటర్‌లో ఆ పాత్రకి గొంతిచ్చే ఆవిడ హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుని, కాగితాలు వెనక్కి తిప్పి తిప్పి చూసి, "ఏవండీ, ఈవిడ ఎప్పుడైనా అన్నం తిన్నట్టు రాశారా?" అని అడిగింది. వెతికాను. వంద ఎపిసోడ్లలో ఎక్కడా తినలేదు. నిద్రపోలేదు, ఎవరి కోసమూ ఎదురుచూడలేదు, అరిచింది అంతే. ఆ రోజు ఇంటికి సాలిగ్రామం దాకా నడిచే వెళ్ళాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

తర్వాత నాకు తోవ చూపింది గురజాడ. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం', 1909లో ఆయన తిరగరాసింది, మళ్ళీ ముందేసుకున్నాను. గిరీశం అంటే మనవాళ్ళకి "డామిట్, కథ అడ్డంగా తిరిగింది" ఒక్కటే. ఇంగ్లీషు ముక్కలు విసిరే చుట్టల రాయుడు. కానీ నాటకంలో గిరీశం ఎదుటి మనిషిని బట్టి మారిపోతాడు చూడు. వెంకటేశం దగ్గర గురువు. పూటకూళ్ళమ్మ వస్తే మంచం కింద దూరేవాడు. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఎంతో పనికొచ్చే కుర్రాడు. బుచ్చమ్మ దగ్గర విధవా వివాహాల మీద ఎంత నమ్మకంగా మాట్లాడతాడంటే, ఒక్క క్షణం తన మాట తనే నమ్మాడేమో అనిపిస్తుంది. నాకు ఆ క్షణమే గిరీశం. మధురవాణినీ అలాగే 'మంచి మనసున్న వేశ్య' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తన కంటె నగ కోసం రామప్పపంతుల్ని నిలబెట్టి పీడించిన ఆవిడే, సౌజన్యారావు పంతులు దగ్గరికి మగవేషంలో వెళ్ళిన ఆవిడే. చిలిపితనం, పట్టుదల, డబ్బు లెక్క, దయ, అన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని ఇది. ఒక నోటుబుక్ తీసుకుని తాతగారు ఎవరెవరితో మాట్లాడతాడో రాయి. కూతురితో, పాలవాడితో, తమ్ముడితో, బ్యాంకు క్లర్కుతో, రాత్రి భార్య ఫొటోతో. ఒక్కొక్కరి దగ్గర ఆయన గొంతు ఎలా మారుతుందో, ఏ విషయం దాస్తాడో రాయి. అందరి దగ్గరా ఒకేలా ఉంటే, నువ్వింకా ఆయన్ని సరిగ్గా చూడలేదన్నమాట. మొదటి మూడు ఎపిసోడ్లు మళ్ళీ చదివి, ఆయన చేసి తర్వాత నువ్వు వదిలేసిన పనులన్నీ ఏరు. రేడియో బాగుచేసేవాడు కదా, ఏమైంది ఆ రేడియో?

చూసేవాళ్ళ సంగతి. వాళ్ళ మీద నాకు కోపం లేదు, ప్రేమ కొద్దీనే పాత్రని కుదిస్తారు. కర్ణుడినే చూడు. నీ తమిళ స్నేహితులకి 1964 నాటి శివాజీ 'కర్ణన్', మనకి 1977 నాటి ఎన్టీఆర్ 'దానవీరశూరకర్ణ'. ఇద్దరికీ కర్ణుడంటే అన్యాయమైపోయిన దాత. అది అబద్ధం కాదు. కానీ వ్యాసుడి సభాపర్వంలో ద్రౌపది వస్త్రాలు లాగమని దుశ్శాసనుడికి చెప్పిందీ కర్ణుడే. ఆ ముక్క ఎత్తితే అభిమానులకి కోపం వస్తుంది. నిజానికి కర్ణుణ్ణి ఇంకా పెద్దవాణ్ణి చేసే చోటు దాని తర్వాతే ఉంది. ఉద్యోగపర్వంలో కృష్ణుడు జన్మరహస్యం చెప్పినప్పుడు, దుర్యోధనుణ్ణి సంతోషపెట్టడానికి పాండవులను అన్న కటువైన మాటలకి ఇప్పుడు కుమిలిపోతున్నానని కర్ణుడే చెప్పుకుంటాడు. తప్పు తీసేస్తే ఆ పశ్చాత్తాపానికి చోటేదీ? అలాగే మయసభలో "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అని ద్రౌపది అన్నదని ఇంటింటా చెప్పుకుంటారు. వ్యాస భారతంలో ఆ మాట ఆవిడ నోట లేదు. యుద్ధం మొత్తానికి ఒక ఆడమనిషి నోటిదురుసు కారణమంటే కథ చెప్పడం సులువు కాబట్టి అది అతుక్కుపోయింది. నాకు ఈ విషయంలో చాలా బాధ.

అందుకని కామెంట్లు చదువు, కానీ వాటిని చూసి రాయకు. వాళ్ళకి ఏది నచ్చిందో చెబుతారు. ఎందుకు నచ్చిందో కనిపెట్టాల్సింది నువ్వు.

ఇక నిర్మాతల మాట. ఎదురు తిరగకు, వాళ్ళ డబ్బు, వాళ్ళ టెన్షన్ వాళ్ళది. ఆ డైలాగు ఇవ్వు, కానీ ఖరీదైన చోట ఇవ్వు. ఒక ఎపిసోడులో మనవరాలు ఆ మాట తాతగారితోనే అనాలి, ఆయన దగ్గర జవాబు ఉండకూడదు. ఇంకోచోట ఆ మాట నోటిదాకా వచ్చి, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసి ఆయన మింగేయాలి. చూసేవాళ్ళు ఆ మాట తమంతట తామే లోపల అనుకుంటారు. నువ్వు రాయకుండానే మూడోసారి పడినట్టు. వాళ్ళకి ఈ సీన్లు చదివి వినిపించు. కథగా చెప్పకు, గొంతు మార్చి చదువు. నా అనుభవంలో చదివితే ఒప్పుకున్నవాళ్ళే ఎక్కువ. అప్పటికీ వినకపోతే ఒకటి రెండు పడనియ్యి, కానీ తమ్ముడి సీను మాత్రం ఎడిటింగ్‌లో పోనివ్వకు.

వచ్చే ఆదివారం భోజనానికి రా. గోంగూర పచ్చడి చేస్తాను. మూడో ఎపిసోడు ప్రింటు తీసి పట్టుకురా, ఫోన్‌లో చదవడం నా కళ్ళకి కష్టం. తాతగారు కూతురితో మాట్లాడే సీను పైన పెట్టు, ముందు అదే చదువుతాను. రేడియో సంగతి కూడా ఏదో ఒకటి ఆలోచించుకుని రా.

నీ
పెద్దమ్మ
సాలిగ్రామం, చెన్నై