తిరిగి రాయడం వల్ల నాకు మిగిలింది

తల్లీ, ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగం మానేసి దేశాలు తిరుగుతూ రాస్తానంటున్నావు, మీ అమ్మ వద్దంటోంది. మధ్యలో నన్ను అడిగావు: "పెద్దమ్మా, ముప్ఫై ఏళ్లు ఇదే పని చేశావు కదా, నీకు ఏం మిగిలింది?" అని. దాచకుండా చెప్తాను. డబ్బు పెద్దగా మిగల్లేదు. కానీ చూసిన ప్రతి ఊరూ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాకంటే ఎక్కువ దేశాలు తిరిగినవాళ్లు నాకు తెలుసు. చాలామందికి ఏ ఫోటో ఎక్కడిదో కూడా గుర్తులేదు. నాకు గుర్తుంది, ఎందుకంటే నేను రాయాల్సి వచ్చింది.

ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కంద్ సంగతి చెప్తాను. అక్కడ ఒక గుట్ట మీద ఉలుగ్ బేగ్ అనే పాలకుడు 1420ల్లో పెద్ద వేధశాల కట్టించాడు. ఇప్పుడు దాన్లో మిగిలింది నేలలో తవ్విన పొడుగాటి కందకం, అందులోకి వంపు తిరుగుతూ దిగే రెండు రాతి పట్టాలు. నేను వెళ్లిన రోజు ఒక బస్సు నిండా జనం వచ్చారు. గుమ్మంలోంచి తొంగిచూసి, ఫోటోలు తీసుకుని, ఐదు నిమిషాల్లో వెళ్లిపోయారు. మర్నాటికి దాని మీద వ్యాసం ఇవ్వాలి కాబట్టి నేను ఉండిపోయాను. కూర్చున్నకొద్దీ ఒకటే అనుమానం. ఆకాశాన్ని కొలిచే పరికరం నేలలోకి ఎందుకు దిగింది?

అక్కడ కాపలా ఉన్న పెద్దాయన్ని సైగలతోనే అడిగాను. ఆయన రెండు చేతులూ చాచి గాలిలో పెద్ద వంపు గీశాడు. పట్టాల దగ్గర మొదలుపెట్టి, తన తల మీదుగా, ఇంకా పైకి. అప్పుడు అర్థమైంది, నేను చూస్తున్నది కింది ముక్క మాత్రమేనని. వంపు ఎంత పెద్దదైతే, ఆకాశంలో సూర్యుడో నక్షత్రమో ఎంత ఎత్తులో ఉందో చెప్పే కోణం అంత కచ్చితంగా తెలుస్తుంది. దీని వ్యాసార్థం సుమారు 40 మీటర్లు. అంతా నేల మీదే నిలబెట్టడం కష్టమని కొంత లోపలికి దించారు. 1437 నాటికి అక్కడ 1018 నక్షత్రాల పట్టిక తయారైంది. 1449లో ఉలుగ్ బేగ్‌ను చంపేశారు, వేధశాల నేలమట్టమైంది, చివరికి అది ఎక్కడుందో కూడా జనం మరిచిపోయారు. 1908లో తవ్వకాల్లో ఈ ముక్క బయటపడింది. నేలలో ఉండబట్టే బతికింది. ఈ మాట నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే నా ఒళ్లు జలదరించింది. రాసే పని లేకపోతే నేనూ ఆ బస్సెక్కి వెళ్లిపోయేదాన్నే కదా అనిపించింది.

ఇంకో లాభం ఉంది. "నేను మీ పని గురించి రాస్తాను, కాసేపు చూడనిస్తారా?" అని మర్యాదగా అడిగితే, మామూలుగా ఎవరికీ తెరవని తలుపులు తెరుస్తారు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కాలిబాటలెన్నో చిన్న చిన్న తెల్ల సున్నపురాళ్లు, నల్లరాళ్లు పేర్చి చేసినవి. అలలు, పువ్వులు, ఓడలు, అన్నీ కాళ్లకిందే. ఒక వీధిలో బాట బాగుచేస్తున్న మనిషి పక్కన గొంతుక్కూర్చున్నాను. ఎడమ అరచేతిలో రాయి పెట్టుకుని, ఒకసారి తిప్పి చూసి, సుత్తితో చిన్న దెబ్బ వేస్తాడు. కత్తితో కోసినట్టు విడిపోతుంది. దాన్ని ఇసుకలో కూర్చోబెట్టి సుత్తి పిడితో ఒక్క తట్టు తడతాడు. అంతే. అరగంట చూశాక సుత్తి నా చేతికిచ్చాడు. నాలుగు దెబ్బలు వేసినా నా రాయి విరగలేదు. అప్పుడాయన నా వేలు పట్టుకుని రాయి మీద ఒక సన్నటి గీత వెంట నడిపించాడు. రాయి ఎటు విడిపోతుందో దాని మీదే ఉంటుంది, చూసి కొట్టాలట. ఆ రోజు నుంచి ఏ ఊరు వెళ్లినా నా చూపు ముందు నేల మీదికే పోతుంది. ఇలాంటిది ఏ ప్యాకేజీ టూర్‌లోనూ దొరకదు తల్లీ.

ఇక పని సంగతి. ఎంత అలసిపోయినా ఆ రోజుది ఆ రాత్రే రాసుకో. పొద్దున్నకి వాసనలు పోతాయి, రెండు రోజులకి మాటలు పోతాయి. "అందంగా ఉంది" అని రాసుకుంటే పది రోజుల తర్వాత దాన్లోంచి ఏమీ రాదు. ఏ రంగు, ఎవరు ఏం మోసుకెళ్తున్నారు, ఏ చప్పుడు వినిపించింది, అవి రాయి. మనుషుల పేర్లు వాళ్లనే రాసిమ్మను. వాళ్ల చేతిరాత కూడా ఒక జ్ఞాపకమే.

నోట్స్‌కి నకలు తప్పకుండా ఉంచుకో. ఒకసారి రాత్రి బస్సులో నా సంచి పోయింది, ఆరు వారాల నోట్స్ అందులోనే ఉన్నాయి. బట్టలు, డబ్బు పోయినందుకు ఏడవలేదు, ఆ పుస్తకం కోసం ఏడ్చాను. పాతకాలపు యాత్రికుడు ఇబ్న్ బతూతా 1325లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో మొరాకోలోని టాంజియర్ నుంచి బయల్దేరి దాదాపు ముప్ఫై ఏళ్లు తిరిగాడు. బుఖారాలో పండితుల సమాధుల మీది రాతలు ఎన్నో నకలు రాసుకున్నాడు. తర్వాత సముద్రం మీద దోపిడీలో మిగతా సామానుతో పాటు అవీ పోయాయి. ఎన్నో ఏళ్ల తర్వాత తన కథ చెప్పి రాయిస్తున్నప్పుడు కూడా ఆ సంగతి మరవకుండా చెప్పాడు. నా సంచి పోయాకే ఆయన బాధ నాకు తెలిసింది. నువ్వు రోజూ పేజీలు ఫోటో తీసి మీ అమ్మకి పంపు. ఆవిడకీ నువ్వు క్షేమమని తెలుస్తుంది.

రాయడానికి తొందరపడకు. జపాన్ కవి బషో 1689లో ఉత్తర దిక్కుగా నెలల తరబడి నడిచాడు. ఆ ప్రయాణం గురించి రాసింది మాత్రం ఏళ్ల తరబడి దిద్దుకుంటూనే ఉన్నాడు.

డబ్బు విషయం మీ అమ్మ చెప్పేదే నిజం. కనీసం ఏడాది ఖర్చులు చేతిలో పెట్టుకుని బయల్దేరు. నేను ఒక పత్రికకి రాసిన మూడు వ్యాసాల డబ్బు రెండేళ్ల తర్వాత వచ్చింది. ఆ రెండేళ్లూ అనువాదాలు చేసి నెట్టుకొచ్చాను. హోటలు వాళ్లు ఉచితంగా గది ఇస్తే, ఆ సంగతి వ్యాసంలోనే చెప్పు. చెప్పలేని పరిస్థితి అయితే ఆ గది వద్దు. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో, టూరిస్టుగా వెళ్తే, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తారు, ముందే లెక్క వేసుకో. కొన్ని దేశాల్లో టూరిస్టు వీసా మీద పత్రికల కోసం పని చేయకూడదు, అది కూడా బయల్దేరేముందే కనుక్కో.

వచ్చే నెల వెళ్తానన్న ప్రయాణం వెళ్లిరా. ఉద్యోగం ఇప్పుడే మానకు, సెలవు పెట్టు. మొదటి మూడు రోజుల నోట్స్ కొట్టివేతలతో సహా నాకు పంపు. టైపు చేయకు, చేతిరాతే పంపు. ఎక్కడ తొందరపడ్డావో, ఎక్కడ ఆగి చూశావో అక్షరాల్లో తెలిసిపోతుంది. ఈలోగా మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ