లాటరీతో ఎంచిన మామూలు పౌరులు రాజ్యాంగ విషయాలు తేల్చగలరా?

తేల్చగలరు, ఐర్లండ్‌లో జరిగింది. కానీ ఆఖరి మాట వాళ్లది కాదు. 2016లో 99 మంది ఓటర్లను వయసు, ప్రాంతం, స్త్రీపురుషుల పాళ్లు జనాభాకు సరిపోయేలా ఎంచి, ఒక న్యాయమూర్తిని అధ్యక్షురాలిగా పెట్టారు. రాజ్యాంగంలోని గర్భస్రావ నిషేధం మీద ఐదు వారాంతాలు కూర్చున్నారు. ముందు నిపుణులు, తర్వాత రెండు పక్షాల వాదన, ఆపైన గుండ్రటి బల్లల దగ్గర ఏడెనిమిది మంది చొప్పున చర్చ. ఈ బల్లలే ప్రాణం: ప్రతిదానికీ ఒక నిర్వాహకుడు, రాసుకునే మనిషి ఉంటారు కాబట్టి గొంతు పెద్దదైనవాడు మిగతావాళ్లని తొక్కెయ్యలేడు. సిఫారసు పార్లమెంటు కమిటీ దాటి ప్రజల ఓటుకు వెళ్లింది. 2018 మే 25న 66.4 శాతం నిషేధం తీసేయమన్నారు.

దెబ్బ తగిలేది ఎంపిక దగ్గరే. ఆ సభలో సభ్యులకు భత్యం ఇవ్వలేదు, మధ్యలో మానేసినవాళ్లు చాలామంది. వాళ్ల బదులు చేర్చినవాళ్లలో ఏడుగురు లాటరీలో రాలేదని, తెలిసినవాళ్ల ద్వారా ఫోన్లో పిలిస్తే వచ్చారని 2018లో బయటపడి తొలగించారు. చోళుల కాలంలో తమిళనాడులోని ఉత్తరమేరూరులో ఊరి కమిటీల ఎంపికకు ఈ జాగ్రత్త ఇంకా గట్టిది: పేర్లు రాసిన తాటాకులు కుండలో వేసి చిన్నపిల్లాడితో తీయించేవారు, లెక్కలు చూపనివాడి పేరు, అతని బంధువుల పేర్లు అసలు కుండలోకే వెళ్లేవి కావు.